నలభై ఒకటి, వెడల్పు

ఆమె మొదటిసారి వచ్చింది
కొట్టు మూసే వేళ.
బిల్బావోలో సిరిమిరి అంటాం ఆ జల్లుని,
గొడుగు తెరవాలో వద్దో తేల్చనివ్వదు.
"బూట్లు కుట్టాలి" అంది,
"కొలత మాత్రం నువ్వు తియ్యకూడదు."

చెప్పులు కుట్టేవాణ్ణి నేను,
చెప్పడం నా పని కాదు, అడగడమూ కాదు.
మైనం కాగితం చేతికిచ్చి
తెర వెనక్కి పంపాను.
తిరిగొచ్చిన కాగితం మీద పెన్సిలు గీత
వేళ్ల దగ్గర ఎక్కడా లోపలికి తిరగలేదు.
విసనకర్రలా ఉంది.

మా అమ్మమ్మది కొండల్లో ఊరు.
వాగులో బండ మీద కూర్చుని
బంగారు దువ్వెనతో తల దువ్వుకునే లామియాల గురించి
రొట్టె పిండి పిసుకుతూ చెప్పేది.
ముఖం చూడు, జుట్టు చూడు,
కిందికి మాత్రం చూడకు, అనేది.
ఒక గొర్రెల కాపరి చూశాడు.
బాతు పాదాలు.
మంచమెక్కినవాడు మళ్లీ దిగలేదు.
శవపేటిక వెంట ఆమె చర్చి గడప దాకా వచ్చి
అక్కడ ఆగిపోయింది.
కథ కూడా అక్కడే ఆగేది,
పొయ్యి వేడెక్కేది కాబట్టి.

అయితే ఈమెకి బస్ పాసుంది.
లొరెయా అని రసీదు మీద రాయించుకుంది.
మునిసిపల్ ఈతకొలనులో రాత్రి పని:
పలకలు తుడవడం, క్లోరిన్ కలపడం,
ఎవరో వదిలేసిన చెవి రింగులు డబ్బాలో వెయ్యడం.
పన్నెండు దాటాక దీపాలార్పి
బూట్లు విప్పి
తెల్లారేదాకా
ఏం చేసేదో ఆమె చెప్పలేదు.
మరమ్మతుకొచ్చిన తోలు చెప్పింది.

డబ్బుకి బదులు
దువ్వెన పన్ను ఒకటి విరిచి బల్ల మీద పెట్టేది.
ఏడాదికి ఒక జత, ఒక పన్ను.
అమ్మలేదు.
దగ్గుబిళ్లల డబ్బాలో దాచాను.
నా భార్య గరాసి ఒకసారి డబ్బా ఊపి చూసింది.
"ఎవరి పళ్లివి?"
"ఖాతాదారువి."
నవ్వింది.
తర్వాత నవ్వలేదు.

అబద్ధమెందుకు,
ఆ బూట్లకి వాడిన దారం మరెవరికీ వాడలేదు.
లోపల గొర్రెపిల్ల తోలు పరిచి
కుట్టు మీద బొటనవేలితో రెండుసార్లు రుద్దేవాణ్ణి.
ఒక్కసారి చాలు.

గరాసి మార్చిలో పోయింది.
పేటిక మోస్తూ చర్చి మెట్లెక్కి
పక్కకి చూస్తే
గడప బయట ఆమె.
తల దువ్వుకోలేదు.
కాళ్లకి ఆరో జత.
ఫాదర్ చేత్తో రమ్మని పిలిచాడు.
తల అడ్డంగా ఊపి
తలుపుకి వేలెడు దూరంలో
పూజంతా తడుస్తూ నిలబడింది.

నా కోసమే అనుకున్నాను.
అరవై ఎనిమిదేళ్ల వెధవకి
ఆ వేళలోనూ అంత ఆశ.

వారం తర్వాత గరాసి చేతిసంచీ దులిపితే
కొలను టికెట్ల అట్ట,
బుధవారాలు, చివరి బ్యాచ్,
ఆరని రబ్బరు టోపీ,
దాని మడతలో
ఒక బంగారు పన్ను.

నాకు తెలిసి గరాసికి ఈత రాదు.

డబ్బాలో మావి ఆరు, ఇదొకటి.
ఏ పనికి కూలీగా ఇచ్చిందో
రసీదు లేదు.

నిన్న మళ్లీ వచ్చింది.
నాకిప్పుడు శుక్లాలు, సూదిలో దారం
పక్క కొట్టు కుర్రాడు ఎక్కించి పోతాడు.
తెర వెనక్కి వెళ్లకుండా
స్టూలు మీద కూర్చుని తనే బూట్లు విప్పింది.
"ఈసారి నువ్వే తియ్యి."

చేతుల్లోకి తీసుకున్నాను.
చల్లగా ఉంది.
వేళ్ల మధ్య పొర
పాత గొడుగు గుడ్డంత పలచన,
ఒకచోట చిరిగి అతుక్కున్న గీత.
దాన్ని చూస్తే చస్తారన్నారు.
నాకు మాత్రం మోకాలు పట్టేసింది, అంతే.

"గరాసి ఈత బాగా కొట్టేదా?"
"మునిగేది" అంది,
"భయం లేకుండా.
పైకొచ్చాక చాలాసేపు
నా భుజం వదిలేది కాదు."

నేను టేపు తీశాను.
పెన్సిలు చెవి మీదే ఉంది,
వెతుక్కున్నాను.

"ఎడమది కాస్త పెద్దది" అన్నాను.
"అందరికీ అంతే."